గిరీకుల సుగ్గి

నాయనా,

నేను, నీ పాపను. నువ్వు కన్నుమూసి పద్నాలుగు నెలలు దాటింది. ఈ ఏడు కూడా వాన మొహం చాటేసింది. శెనక్కాయ పూతకొచ్చి ఎండిపోయింది. అమ్మ బాగానే ఉంది. నేను మాత్రం ఒళ్లు మండిపోయి రాస్తున్నాను... ఎవరి మీదంటావా, నా మీదే.

గుర్తుందా? తొమ్మిదో తరగతిలో నేను గ్రీకు నాగరికత పాఠం గట్టిగా చదువుతుంటే, నువ్వు ఇంటి ముందు జగిలి అరుగు మీద కూర్చుని విత్తనానికి కాయలు ఒలుస్తూ వినేవాడివి. గ్రీసు కొండల దేశమనీ, రాతి నేల అనీ, వర్షం తక్కువనీ చదవగానే నీ చెయ్యి ఆగింది.

"ఇది మన ఊరే గదా పాపా! వాన రాకపోతే ఆ గిరీకులు ఏం చేసినారంట?"

సముద్ర వ్యాపారం చేశారని పుస్తకంలో ఉన్నది చదివాను. నువ్వు నవ్వేశావు. "అది దుడ్లున్నోళ్ల మాట. కూలోడు ఏం చేసినాడు? మీ సారును అడుగు పో."

అడిగాను. పరీక్షకు రానివి ఎందుకని సారు అందరి ముందూ కసిరాడు. సిగ్గేసి, రేపు చెప్తానన్నాడని నీతో అబద్ధమాడాను. ఆ రేపు ఎన్నేళ్లయినా రాలేదు. నువ్వైనా మళ్లీ ఎందుకు అడగలేదు నాయనా?

ఇప్పుడు పామిడి దగ్గర హైస్కూల్లో నేనే ఆ పాఠం చెబుతున్నాను. చెప్పడమేమిటి, నా మొహం... గైడులోని అయిదు పాయింట్లు బోర్డు మీద రాస్తాను, పిల్లలు దించుకుంటారు.

మొన్న తొమ్మిదో తరగతి పెద్దపరీక్ష పేపర్లు దిద్దాను. గ్రీకులు ఓడలెందుకు ఎక్కారన్నది ప్రశ్న. నాగవేణి అనే పిల్ల ఇట్లా రాసింది: "వాళ్లదీ మా మాదిరే రాళ్ల సీమ. వాన లేదు, పని లేదు. మా నాయన వరికోతలకు కణేకల్ పక్కకు సుగ్గికి వలస పోయినట్లే, వాళ్లు పడవలెక్కి పోయినారు."

నేనేం చేశానో తెలుసా? ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశాను! పాఠంలో లేనిది రాస్తే సున్నా వెయ్యమని హెడ్మాస్టరు గారి ఆర్డరు మరి. పిల్లకు ముప్పైమూడు వచ్చాయి. రెండు మార్కుల్లో తప్పింది. తప్పితే బడి మాన్పించి తనతోపాటు సుగ్గికి తోలుకుపోతానని వాళ్ల నాయన ముందే చెప్పాడట.

పేపర్లు ఇచ్చేసి ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటుంటే అప్పుడు తట్టింది. ఏటేటా కొడవలి సంచిలో వేసుకుని నువ్వు పోయింది కూడా సుగ్గికే కదా... నీ ప్రశ్నకు ఆ పిల్ల జవాబు రాసింది నాయనా. బీఈడీ చదివినదాన్ని, నేను కొట్టేశాను.

రేపు పది గంటలకు ఫలితాలు అతికిస్తారు. అంతకుముందే హెడ్మాస్టరు గారి గదిలో ఉంటాను. ఏమంటారో... మెమో ఇస్తారా? ఇయ్యనీ. "తప్పు జేస్తే దిద్దుకో, మూతి ముడుచుకోని కూచుంటే ఏమొస్తాది?" అనేవాడివి కదా.

నా ఎర్రగీత పక్కనే నాలుగు మార్కులు వేసి, కింద సంతకం పెడతాను. బడులు తెరిచిననాడు నాగవేణి పదో తరగతి గదిలోనే కూర్చుంటుంది. ఇది నీకిచ్చే మాట. ఈసారి రేపంటే రేపే.

జవాబు ఆలస్యంగా తెచ్చిన
నీ పాప