హిల్యె గొంతు

ఉట్రెక్ట్, 4 మార్చి 1991

ప్రియమైన హిల్యె అక్కకి,

ఒళ్ళు మండిపోతోంది. ఆరు వారాలుగా సాధన చేస్తున్న సంగీత నాటకంలోంచి నన్ను తప్పించారు. పూర్తిగా తీసేసినా బాగుండేది! దర్శకుడు ఎవర్ట్ కాఫీ పోసి, బిస్కెట్ ఒకటి చేతిలో పెట్టి, "రూల్ఫీన్, నీ గొంతుకి తిరుగులేదు. కానీ ముందు వరసవాళ్ళకి నీ వయసు కనిపిస్తోంది. నువ్వు తెర వెనక పాడు, కొత్తగా వచ్చిన ఆ కుర్రపిల్ల మిర్తె ముందు నిలబడి పెదవులు ఆడిస్తుంది" అన్నాడు. "పద్నాలుగేళ్ళుగా ఈ వేదిక మీద నటిస్తున్నాను. ఇప్పుడు గుడ్డ వెనక దాచేస్తావా?" అని అరిచాను. "చిన్నపిల్లలా చేయకు. అందరూ చేసేదేగా" అన్నాడు. బిస్కెట్ వాడి బల్ల మీద విసిరికొట్టి వచ్చేశాను.

'అందరూ చేసేదేగా' అన్న మాట ఇంతకుముందు ఎక్కడ విన్నానో సైకిల్ మీద ఇంటికి వస్తుంటే గుర్తొచ్చింది. నేనే అన్నాను, నీతో. అరవై ఎనిమిదిలో, హిల్వర్సమ్ స్టూడియోలో. పాడింది నువ్వు. నీ పై పెదవి మీది కుట్టు మచ్చ చూసి, రికార్డు కంపెనీ ఆయన టీవీలో నన్ను నిలబెట్టాడు. రికార్డు అట్ట మీద నా పేరే వేశారు. ఆ ఒక్క పాటతోనే నేను గాయనినయ్యాను. ఇరవైమూడేళ్ళుగా మనిద్దరం ఆ సంగతి ఎత్తలేదు. ఇవాళ ఎత్తుతున్నాను. నన్ను క్షమించు.

నీ చెల్లెలు
రూల్ఫీన్

డెల్ఫ్‌జైల్, 9 మార్చి

రూల్ఫీన్‌కి,

నీ ఉత్తరం బేకరీలో, పిండి చేతులతోనే చదివాను. నీ క్షమాపణ నాకక్కర్లేదు. నీకు దెబ్బ తగిలితే గానీ నేను గుర్తు రాలేదు. రేడియోలో ఆ పాట వచ్చినప్పుడల్లా రొట్టెలకొచ్చిన ఆడవాళ్ళు "మీ చెల్లి ఎంత బాగా పాడుతుందండీ!" అంటారు. "అవునండీ" అంటూ రొట్టె కోసిస్తాను. అన్నీ తెలిసిన అమ్మ కూడా పోయేదాకా దాన్ని నీ పాటనే అంది. నేను వంటింట్లో కూడా పాడటం మానేశాను. ఎందుకని ఒక్కసారైనా అడిగావా?

ఉత్తరం నిండా నీ గోడే. అసలు ఆ మిర్తెకి పాడటం వచ్చో రాదో ఎవరైనా అడిగారా? నా చెవిలో గుసగుసలాడకు. అబద్ధం ఊరందరి ముందూ ఆడావు, నిజమూ అందరి ముందే చెప్పు.

హిల్యె

ఉట్రెక్ట్, 22 మార్చి

అక్కా,

మిర్తెని అడిగాను, అందరూ చూస్తుండగానే. "వచ్చండీ, మూడేళ్ళు నేర్చుకున్నాను. నన్నెవరూ అడగలేదు" అంది. పాడించాను. నా అంత బాగా పాడలేదు. అయినా "పాడితే తను పాడాలి, లేదా నువ్వే పాడుకో. తెర వెనక నేనుండను" అని ఎవర్ట్ మొహం మీద చెప్పేశాను. తిట్టుకుంటూనే ఒప్పుకున్నాడు. నేను ఆ నాటకం వదిలేశాను.

నిన్న రేడియోకి పిలిచారు. ఎప్పటిలాగే ఆ పాట పెట్టారు. "ఆపండి. ఈ గొంతు నాది కాదు, మా అక్క హిల్యె బర్కెమాది" అన్నాను. "భలే జోకులేస్తారే!" అని వాళ్ళు నవ్వారు. "జోకు కాదు. పేరు మళ్ళీ చెబుతాను, రాసుకోండి" అన్నాను. పొద్దుటి నుంచి ఫోన్లలో మోసగత్తె అంటున్నారు. అననీ.

ఇందాక నువ్వూ ఫోన్ చేశావు. "విన్నాను" అన్నావు. నీ కోపం తగ్గిందని నేననుకోవడం లేదు. కానీ పెట్టేసే ముందు, "రెండో చరణంలో శ్రుతి తప్పాను. ఎప్పుడు విన్నా చిరాకేస్తుంది" అన్నావే, అప్పట్నుంచీ ఏడుస్తూనే ఉన్నాను.

రూల్ఫీన్