సామల సంచిలో మెమరీ ముక్క

అరకు,
గురువారం

అక్కకి, నీ చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. నేనిక్కడ బాగున్నాను. అంటే వేళకి తింటున్నాను, తిరుగుతున్నాను, ఒకరి మీద ఏడుస్తున్నాను. నీ మోకాళ్ళెలా ఉన్నాయి? బావగారి దగ్గు తగ్గిందా? కోడలు వేళకి మాత్రలిస్తోందా, నువ్వే అడిగి వేసుకుంటున్నావా?

విజయనగరం వదిలి మా సుధ దగ్గరికి వచ్చి ఐదు నెలలైంది. మంచు పదింటి దాకా కిటికీ దగ్గరే ఉంటుంది, పిలవకుండా వచ్చిన చుట్టంలా. కాఫీకి వంక పెట్టలేను, ప్రయత్నించాను. నువ్వు పెట్టిన బూడిదగుమ్మడి వడియాలు అయిపోయాయి, ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదానికి ఇప్పుడు మిగిలిన శిష్యురాలు ఒక్కతే, మనవరాలు మిన్ను. సాయంత్రం గంటసేపు లెక్కలు, తర్వాత గంటసేపు ఆట. ఆ ఆట దగ్గరే వచ్చింది నా పీకలమీదికి.

అల్లుడి పాత గేమ్ మిషన్ ఒకటుంది. అరచేతిలో పట్టేది, రెండు తెరలది. సుధ చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన కేసెట్ ఆటల్ని, మిన్ను ఎమ్యులేటర్ పెట్టి అందులో ఆడుతుంది. ఎమ్యులేటర్ అంటే ఒక మిషన్ ఇంకో మిషన్‌లా నటించడం. అత్తవారిళ్ళలో మనం ఇన్నేళ్ళూ చేసిందే. కాకపోతే ఆ నటనకి దాని సొంత మెమరీ చాలదు. కింది గాడిలో అగ్గిపెట్టెలో సగమున్న మెమరీ ముక్క ఒకటి దూర్చాలి. అది లేకపోతే పెద్ద ఆటలు తెరుచుకోవు.

నాకూ నేర్పింది. ఎప్పుడాడినా మూడో గోతిలో పడతాను. మా వియ్యపురాలు సోంబారి సంగతి వేరు. అనంతగిరి పైన వాళ్ళ కాఫీ తోట. సంతకి దిగినప్పుడల్లా రెండ్రోజులు మా ఇంట్లో ఉంటుంది. బడి గడప తొక్కని మనిషి, మొదటి రోజే ఆఖరి కోట దాకా వెళ్ళిపోయింది.

"నానమ్మా, సూపర్! అమ్మమ్మా, చూశావా?"

"చూశాను," అన్నాను.

"ఏటుందొదినా ఇందులో," అంది ఆవిడ, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "రాయి సూసి అడుగెయ్యడమే కదా."

అక్కా, నాకు ఒళ్ళు మండిపోయింది. నా దగ్గర ఆవలించే పిల్ల ఆవిడ భుజం మీద తలపెట్టి కేకలేస్తుంది, నవ్వుతుంది. నాకూ ఉన్నాయి రెండు భుజాలు.

పరీక్షలని మిన్ను వారంగా మిషన్ ముట్టలేదు. ఆవిడ వస్తుందన్న ముందురోజు ఆ ముక్క ఊడదీసి, పోయినసారి ఆవిడ తెచ్చిన కొత్త సామల సంచిలో దాచాను. కొత్త పండగ చేసి దేవతకి పెట్టేదాకా వాళ్ళు కొత్త గింజ ముట్టరు. పంచాంగం తిరగేసి, అమావాస్య వెళ్ళేదాకా ఎవరూ సంచి విప్పరని లెక్క వేశాను. ఆ రోజు నిర్ణయించేది నా పంచాంగం కాదని, వాళ్ళ ఊళ్ళో పూజలకి రోజులు పెట్టే దిసారి అని ఈ లెక్కల టీచరుకి తట్టలేదు. ఊళ్ళో పండగ అప్పటికే అయిపోయిందట.

ఆవిడ వచ్చిన సాయంత్రం, పరీక్షలయ్యాయని మిన్ను మిషన్ తెరిస్తే, తెర మీద మెమరీ చాలదని వచ్చింది. మిన్ను పరుపులు ఎత్తింది, బ్యాగు దులిపింది. "నాన్న జాగ్రత్తగా చూసుకోమన్నాడు, నేనే పారేశాను," అని ఏడ్చింది. నేనూ దానితోపాటు మంచం కింద దూరి వెతికాను. అదీ నా నిర్వాకం.

మర్నాడు పొద్దున్న సోంబారి అన్నానికని సామల సంచి విప్పింది. చెయ్యి పెట్టింది, ముక్క తీసింది, నాకేసి చూసింది. బడికి వెళ్ళకపోయినా లెక్క తేల్చేసింది. ఇంతలో మిన్ను పరుగెత్తుకొచ్చింది.

"నా సేతిలోంచే జారిపోయుంటాదమ్మా," అంది ఆవిడ. "ఆ రోజు ఆడినాక సంచి సర్దేను కదా. తప్పు నాదే."

"పర్లేదు నానమ్మా, దొరికిందిగా!" అని మిన్ను ఆవిడ మెడ చుట్టేసుకుంది.

అక్కా, తప్పు నాది. దానికొచ్చే క్షమాపణ కూడా నాదే. అదీ ఆవిడకే పోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను.

"తీసింది నేను," అన్నాను.

"నువ్వా? ఎందుకమ్మమ్మా?"

"నువ్వు ఆవిడ పక్కన కూర్చుంటున్నావని."

నా మెడ చుట్టుకోలేదు. "నిన్న నాతోపాటు మంచం కింద వెతికావు కదా," అంది. అంతే. తన గదిలోకి వెళ్ళిపోయింది.

సోంబారి చేట తీసుకుని సామలు చెరిగింది. తర్వాత అంది: "నువ్వు లెక్కలు సెప్తన్నంతసేపూ నాను తలుపు బయటే కూకుంతాను ఒదినా. గుంట నాకేసి సూడదు. నీ కళ్ళజోడు దాసెద్దారని నాలుగుసార్లు అనుకున్నాను."

"మరి దాయలేదేం?"

"నీకు అచ్చరం కనపడాపోతే గుంటకి మార్కులు తగ్గిపోవా?"

చూశావా? ఏడవడంలో కూడా ఆవిడే నాకంటే మర్యాదస్తురాలు. దానికే నాకు ఇంకా మండుతోంది.

ఆవిడ కొండకి వెళ్ళిపోయింది. నాలుగు రోజులైంది, మిన్ను లెక్కలకి కూర్చుంటోంది, అడిగినదానికి జవాబు చెబుతోంది, పుస్తకం మూసి తన గదిలోకి వెళ్ళిపోతోంది. లోపలినుంచి ఆట చప్పుడు వినబడుతుంది. తలుపు బయట కూర్చోవడం ఇప్పుడు నా వంతు. పిలిచేదాకా కూర్చుంటాను.

బావగారికి నా నమస్కారాలు. పిల్ల కోపం బేగి తగ్గాలని నన్ను దీవించు. నా కుళ్ళు కూడా తగ్గాలని దీవించు, అది కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు.

నీ చెల్లెలు,
జానకి