సిక్ లీవు తొలిరోజు

ఎమ్మిగనూరు, మంగళవారం

అమ్మా, నాకు జ్వరం తగ్గింది, దిగులు పడొద్దు. ఫోన్‌లో చెబితే నీకు సరిగా వినబడదని కార్డు రాస్తున్నాను. మిలిటరీకి పోకముందు ఆఫీసులో జమ అయిన సిక్ లీవు పోయిందనుకున్నాం కదా, నేను తిరిగొచ్చి ఇక్కడే చేరాను కాబట్టి అదంతా మళ్లీ నా పేరున కలిపారు! ఇక జ్వరమొస్తే జీతం కోత పడుతుందనే భయం లేదు.

నిన్న ఒళ్లు కాలిపోతున్నా పొద్దున్నే గడ్డం గీసుకుని, బూట్లు పాలిష్ చేసుకుని ఆఫీసుకు పోయాను. మిలిటరీలో జబ్బు చేసినా ముందు లైన్లో నిలబడి చెప్పుకోవాలి. ఆ అలవాటుతోనే మా ఆఫీసరు సులోచన గారికి సెల్యూట్ కొట్టి, జ్వరమని చెప్పాను. ఆమె పడీ పడీ నవ్వి, "సిక్ లీవంటే ఇంట్లో పండుకొనేది కదప్పా! ఫోన్ చేసింటే సాలదా? పో, పో!" అంది.

పత్తి తీయడం మొదలైందా? కాలువకు నీళ్లొచ్చాయా? కౌతాళం నుంచి ఎవరైనా ఇటు వస్తే ఉలవలు పంపు, చారు తాగాలని ఉంది.

"మళ్లా ఆఫీసుకే పోతాడీయప్ప" అని నీ కోడలు మహాదేవి నా బూట్లు బీరువాలో పెట్టి తాళమేసింది. అందుకే వట్టి కాళ్లతోనే నీకు దండం పెడుతున్నాను.

నీ కొడుకు,
ఉరుకుందప్ప