దూది తీయని పుల్ల

నేను పంపిన బోలు పుల్ల చీల్చకుండానే "మామూలు చీమ" అని మీ పురుగుల పరిశోధనశాల నుంచి రాసి పంపారు, సార్. చీమలు బయటికి పోకుండా రెండు కొసలా నేను కుక్కిన దూది కుక్కినట్టే తిరిగొచ్చింది. మీరు చూసింది పుల్ల మీద పాకే చీమని. నేనడిగింది లోపల గూడు కట్టుకున్నదాని గురించి. ఇంకో పుల్ల విరిస్తే, లోపలి చీమలు గుడ్లు నోట కరుచుకుని నా చేతి మీదికే ఎక్కాయి. భూతద్దంలో చూస్తే పుల్ల పైన పాకేదానికి నడుం దగ్గర ఒకటే ముడి, వీటికి రెండు. తోట మొత్తంలో మేం కొట్టబోయే ఆ ఒక్క చెట్టు మీదే ఉన్నాయి. అరుదైనవని మీరు రాస్తేనే చెట్టు కొట్టడం ఆగుతుంది. మీ కాగితం చూసి మా మేస్త్రీ, "చీమ కోసం పని ఆపుతామా బాబూ, శనివారం కొట్టెయ్" అన్నాడు. గొడ్డలి వెయ్యాల్సింది నేనే.

అదే పుల్ల మళ్ళీ పంపుతున్నాను. నిలువునా చీల్చి పేరు తేల్చండి. తప్పు నాదైతే ఆ మాటే రాయండి, నోరు మూసుకుని నరుకుతాను. శుక్రవారం సాయంత్రంలోగా మీ సంతకంతో జవాబు కావాలి.