రెండు బ్యారెళ్లు, ఒకే కొలత

అక్టోబర్ 4, శనివారం

సంచిలో రెండు రకాల తూకపు రాళ్లు పెట్టుకున్నవాణ్ణి దేవుడు మెచ్చుకుంటాడా? చెప్పండి ఎవరైనా. ద్వితీయోపదేశకాండం ఇరవై అయిదు తెరిచి, వేలు పెట్టి చూపించి మరీ చెప్పండి.

ఒళ్లు మండిపోతోంది. అనూప్‌కి గ్రీన్ కార్డ్ వచ్చిన నెలలోనే నేను వెంటబెట్టుకుని వెళ్లి ప్రతి తూటాకీ కింద లీవర్ లాగి తెరిచే లీవర్ యాక్షన్ రైఫిల్ కొనిపించాను. నాదీ అదే క్యాలిబర్, కంపెనీ వేరు. మా గరాజ్‌లో సీసం కరిగించి ఇద్దరికీ బుల్లెట్లు పోత పోసేది, తూటాల్లో మందు దట్టించేది నేనే. ఒకే కుండ, ఒకే అచ్చు, ఒకే చెయ్యి. ఇవాళ షూటింగ్ రేంజ్‌లో నావన్నీ అరచెయ్యంత చోట పడ్డాయి. వాడివి గాల్లో పల్టీలు కొట్టి టార్గెట్‌కి అడ్డంగా తగిలాయి. కాగితం మీద తాళంచెవి కన్నాల్లాంటి చీలికలు.

అందరి ముందూ ఏమన్నాడు? ఏందన్నా, గింజలు నువ్వు ఉంచుకొని తాలు నాకు పోస్తున్నవా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూ అన్నదే లోతుగా దిగుతుంది. మా కమ్మింగ్ ఊరి తెలుగు ఫెలోషిప్‌లో వాక్యం చెప్పేవాణ్ణి నేను. కీబోర్డ్ వాయించేవాడు వాడు. నన్ను దొంగ తూకంవాడంటాడా?

అక్టోబర్ 5, ఆదివారం

ఆరాధనలో అనూప్ రెండుసార్లు తప్పు వాయించాడు. లోపల సంతోషించాను. ప్రభువు చూసే ఉంటాడు.

అక్టోబర్ 8, బుధవారం

ఆండాళ్ గారు పంచాయితీకి దిగారు. రిటైరైన రేడియాలజిస్ట్. పక్క ఊరు అల్ఫారెట్టా నుంచి వస్తారు. మా రేంజ్‌లో ఆవిడ గురికి తిరుగులేదు. రెండు బ్యారెళ్లలోంచీ మెత్తటి సీసం ముక్కని కడ్డీతో నెట్టి, దాని మీద పడ్డ అచ్చుల్ని భూతద్దంలో చూపించారు. నా బ్యారెల్‌లో లోపలి గోడకి మెలితిరిగిన చాళ్లలాంటి గాళ్లు ఆరు, లోతుగా ఉన్నాయి. అనూప్‌దాంట్లో పన్నెండు, గోటితో గీసినంతే.

లోతు గాళ్లు మెత్తటి సీసాన్ని పట్టుకుని తిప్పుతాయట. పైపై గాళ్లలో అదే సీసం పట్టు దొరక్క జారిపోయి, గొట్టమంతా పూత పెట్టి పోతుందట. కాబట్టి అనూప్‌కి ఇంకాస్త లావు బుల్లెట్, ఇంకాస్త గట్టి సీసం కావాలి. లావుది ఎక్కువ రాసుకుంటుంది గనక మందు కొలత కూడా మళ్లీ మొదటినుంచి చూసుకోవాలి అన్నారు.

వాడికో కొలతా నాకో కొలతా, అది యెహోవాకు హేయం అన్నాను. పాస్టరుగారూ, మీ బైబిల్లో ఈ గాళ్లు తీసే రైఫ్లింగ్ ఏ అధ్యాయంలో ఉందండీ అన్నారావిడ. న్యాయాధిపతులు ఇరవై చూడండి మేడమ్, వడిసెలతో తలవెంట్రుకని కొట్టగల ఎడమచేతివాళ్లు ఏడువందలమంది అన్నాను. వడిసెలకి బ్యారెల్ ఎక్కడుంది నాయనా అన్నారు.

అందరూ నవ్వారు. అనూప్ అందరికంటే గట్టిగా నవ్వాడు.

అక్టోబర్ 11, శనివారం

సరే, లావు అచ్చు తెప్పించాను. గట్టి సీసం కలిపాను. క్రీస్తు నిమిత్తం అంతవరకు దిగాను. మందు దగ్గర దిగను. ఈమధ్య నా రైఫిల్‌లో బాగా తక్కువ మందు వేస్తున్నాను. భుజానికి దెబ్బ తెలియదు, బుల్లెట్ చెప్పినచోటికి వెళ్లి కూర్చుంటుంది. అనూప్ డబ్బాలో తూటాలకీ అంతే వేశాను. చిటికెడు ఎక్కువా లేదు, తక్కువా లేదు.

ఆండాళ్ ఆంటీని ఒకసారి అడగరాదే అన్నా అన్నాడు. నాకు చెప్పాల్సినవాడు పరలోకంలో ఉన్నాడు, అల్ఫారెట్టాలో కాదు అన్నాను. మరి ఆయన ఎన్ని గాళ్లున్నయో లెక్కపెట్టిండా అన్నాడు. ఆ నోటిని సున్నంతో కడగాలి.

అక్టోబర్ 12, ఆదివారం

అపహాసకుల గురించి ప్రసంగించాను. దేవుని సేవకుణ్ణి గేలిచేసిన నోళ్లకి ఏం జరిగిందో ఒక్కొక్కటే చెప్పాను. బోడివాడా అన్న పిల్లల్ని చీల్చిన ఎలీషా ఎలుగుబంట్లనీ వదల్లేదు. గొంతు బొంగురుపోయింది. అనూప్ తల ఎత్తలేదు.

బయటికొచ్చాక వాడి భార్య స్పందన, అన్నయ్యగారూ, ఇంత బాగా చెప్పారు, పక్కన మా ఫొటో కూడా ప్రొజెక్టర్ మీద వేయాల్సింది అంది. ఫోన్ నంబరు కూడా వేస్తానమ్మా అన్నాను. అన్నాను, అంతే. వెనక్కి తీసుకోను.

అక్టోబర్ 18, శనివారం

ఆండాళ్ గారు రాలేదు. పీడా పోయిందనుకున్నాను. అనూప్ కొత్త డబ్బా తెరిచాడు. మొదటివి తిన్నగానే వెళ్లాయి. చూశావా, ఒకే కొలత అన్నాను. తర్వాతది పాప్‌కార్న్ గింజ పేలినట్టు టప్‌మంది. కాగితం మీద కన్నం లేదు. మిస్, మిస్ అని అరిచాను. రేంజ్ అంతా వినబడేలా నవ్వాను. మొన్న వాళ్లు నవ్వినదానికి అదీ జవాబు.

వాడు చెవులకి పెట్టుకున్న మఫ్స్ తీసి విసిరికొట్టాడు. నీతోని కాల్చుడు బంద్, నీ చర్చి బంద్, రేపు డలోనెగాల మా దోస్తు మానవ్ వాళ్ల పొలంకాడ కాలుస్త, నువ్వు లేకుంటే నా గురి అదే కుదుర్తది అన్నాడు. రైఫిల్ కేస్‌లో పెట్టుకుని, డబ్బా చంకలో పెట్టుకుని పోయాడు. పోనీ. ఫోన్ చేస్తే బ్లాక్ చేసి ఉన్నాడు. పోనీ!

అక్టోబర్ 19, ఆదివారం, ప్రసంగానికి ముందు

స్పందన ఒక్కతే వచ్చింది. అడగనిదే చెప్పింది. మీ బుల్లెట్లు మీలాగే ఉన్నాయట అన్నయ్యగారూ, నిన్న చివరిది కాల్చి లీవర్ తెరిస్తే పొగంతా వెనక్కే తన్ని మొహానికి కొట్టిందట అంది. మానవ్ వాళ్లింట్లో టిఫిన్ చేసి కాలుస్తాడట.

ముందునుంచి పోవాల్సిన పొగ వెనక్కెందుకొస్తుంది?

కన్నం లేదు. అది మిస్ కాదు. బుల్లెట్ బయటికే రాలేదు. నేను పోసిన లావు సీసం, నేను వేసిన చాలని మందు. వాడి బ్యారెల్ మధ్యలో బిరడాలా కూర్చుని ఉంది. ఇంకొకటి కాలిస్తే వచ్చి దాన్ని గుద్దుతుంది, గొట్టం పగులుతుంది. గొట్టం కింద వాడి ఎడమచెయ్యి. వెనక మొహం.

నేను నవ్వాను. ఎంతటి వెధవని!

కార్‌లో

స్పందన నడుపుతోంది. దారి తెలుసు, అడ్రస్ తెలియదు. 911 ఎమర్జెన్సీ వాళ్లు అడ్రసే అడుగుతున్నారు. స్పందన ఫోన్ నుంచి చేసినా అనూప్ ఫోన్ వాయిస్‌మెయిల్‌కి పోతోంది. మానవ్‌ది మోగుతోంది. వాక్యం ఒక్కటీ నోటికి రావడం లేదు.

తమ్ముడూ, రైఫిల్ కింద పెట్టు. ఇవాళ ఒక్కటి కూడా కాల్చకు. మానవ్, ఫోన్ ఎత్తు. ఎవరైనా ఎత్తండి. ఇప్పుడే ఎత్తండి.