అవతలి గట్టు

మే 4
ఆవకాయకి ముక్కలు తుడిచి ఆరబెట్టాను. కారం, ఉప్పు, ఆవపిండి కొలిచి పెట్టుకున్నాను. ఈయన కాగితాలు తెచ్చి ఆవపిండి పళ్ళెం పక్కనే పెట్టారు. నాన్న నాకిచ్చిన రెండెకరాలు రొయ్యల చెరువుకి లీజు. భూమి నా పేరున ఉంది కాబట్టి నా సంతకం కావాలి. అడగడం కాదు — పెన్ను మూత తీసి మరీ చేతికిచ్చారు.
పెట్టలేదు.

మే 5
ఏ పనికైనా నేను ఒక్కటే చూసుకుంటాను. గట్టుకి అవతల నేనుంటే ఏమనేదాన్ని? అంతే. ఇంతకన్నా ధర్మం నాకు తెలియదు. మా గట్టుకి అవతల సత్తెమ్మగారి వరి చేను. చెరువులో ఉప్పునీరు నిలబెడితే ఊట ఆవిడ చేలోకే. ఆ ఎకరమే ఆవిడకి ఆధారం.
అదే చెప్పాను.
"ఊరంతా తవ్వుతున్నారు. నువ్వొక్కదానివే ధర్మరాజువా?"
నవ్వుతూ అన్నారు. ఆ నవ్వుకే ఒళ్ళు మండింది.

మే 6
ఆవకాయలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఇన్నేళ్ళలో కొలత తప్పలేదు. పాడైన జాడీ అంటే పక్కన పెడతాం. చేనుని ఎక్కడ పెడతాం...

మే 7
ఆ మధ్య కాలవ పక్క చెరువు వాళ్ళు మా నారుమడిలోకి ఉప్పునీళ్ళు వదిలితే, పంచాయతీలో కండువా విసిరికొట్టి అరిచింది ఎవరు? ఈ పెద్దమనిషే. గుర్తు చేస్తే — "అది వేరు, ఇది వేరు."
ఏం వేరు? అప్పుడు అవతలి గట్టున మనం ఉన్నాం. అంతేగా వేరు.

మే 8
వడ్డించాను. తిన్నారు.

మే 9
సత్తెమ్మగారు వచ్చారు. దొడ్లో కాసిన బెండకాయలు ఒళ్ళో వేసుకుని గుమ్మంలో కూర్చున్నారు. మంచి మాట చెప్పిపోవడానికి వచ్చారనుకున్నాను.
"సంతకం పెట్టనన్నారంట కదండీ?"
"మీ చేను పోతుందని, సత్తెమ్మగారూ."
"పెట్టేయండమ్మా. మీది చెరువైతే నాదీ ఆ లీజు వాళ్ళే తీసుకుంటామన్నారు. వరి మీద ఏం మిగుల్తుందండీ?"
వరండాలో ఈయన పేపరు దించారు. నా వైపు చూసి మళ్ళీ ఎత్తుకున్నారు.
ఇప్పుడు ఈ కోపం ఎవరి మీద పడాలో తెలియడం లేదు. తగ్గడమూ లేదు.

మే 10
పొద్దున్నే పొలం వెళ్ళాను. మా గట్టు దాటి, సత్తెమ్మగారి చేను దాటి, ఆవిడ అవతలి గట్టు మీద నిలబడ్డాను. అక్కడి చేను కౌలుకి చేసుకునే సూరిబాబు గడ్డి కట్టలు కడుతున్నాడు. సత్తెమ్మగారిదీ చెరువైతే ఊట ఇక ఇతని చేలోకే. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. అడగరు కూడా.
నన్ను చూసి లేచాడు. "తొలకరికి ఏ విత్తనం వేయమంటారండీ?"
వెనక్కి తిరిగి గట్టు వెంట నడిచాను.
ఇంటికొస్తే కాగితాలు బల్ల మీదే ఉన్నాయి. పెన్ను మూత తీసే ఉంది.