రోజూ పొద్దున సూది చూపెట్టాలె

అమ్మకు,

దండాలు. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నాయన దగ్గు ఎట్లున్నది? ఇక్కడ అక్క, బావ, నీ మనుమరాలు మల్లిక, నేను మంచిగనే ఉన్నం. ఫోన్ల చెప్తే నువ్వు ఏడుస్తవు, నేను అరుస్త, అందుకే రాస్తున్న. చిక్కడపల్లిల వానలు ఆగుతలేవు. అశోక్‌నగర్ మెస్సుల వడ్డించుడే నా పని. ఆ నీళ్ల సాంబారే నా తిండి.

పోయిన నెల మల్లిక బడిల పొద్దటి టిఫిను ఉప్మా, పల్లి చట్నీ. పల్లి తింటే మూతి దురద పెడ్తదని పిల్ల చట్నీ పక్కకు జరిపింది. హెడ్‌మాస్టర్ సారు నెత్తిమీద నిలవడ్డడు. "పల్లి పండే పాలమూరు దానివి, నీకు పల్లి పడదా? నకరాలు చెయ్యకు, తిను."

తిన్నది. జరసేపట్లనే పెదవులు, కండ్లు ఉబ్బి, ఊపిరి ఈల లెక్క వచ్చింది. చీమ కుట్టిందన్నడు సారు. వంట చేసే బాలమ్మక్క ఆయన మాట ఇనకుంట పిల్లను ఆటోల ఏసుకొని నారాయణగూడ దవాఖానకు ఉరికింది. తొడకు సూది ఇచ్చినంక ఊపిరాడింది. ఇంకోసారి ఇంత టైం దొరకదు, బడిలనే సూది పెట్టుకొని ఇచ్చుడు నేర్చుకోండ్రని డాక్టరు చెప్పిండు.

సారు ఏం చేసిండో ఎరుకనా? పిల్ల ఆకలికి పడిపోయిందని కాయితం రాసి అక్కను వేలిముద్ర ఏయమన్నడు, లేకుంటే టీసీ తీస్కపొమ్మన్నడు. అక్క వేలు సాపింది కూడ. నేను గుంజుకొని చింపేసిన.

కరపత్రాలు చదివి చెడిపోతున్ననంటవు గద, హక్కును అడుక్కోవద్దని వాటిల్లనే చదివిన. మర్నాడు బస్తీ తల్లులను పనులు మాన్పించి బడి గేటు ముంగట కూసోబెట్టిన. పొద్దుగూకే యాళ్లకు సారు తప్పైందన్నడు. ఆ మాట నాకొద్దన్న. ఆయనే దవాఖానకు పోయి సూది ఇచ్చుడు నేర్చుకోవాలె. సూది డబ్బా బీరువాల కాదు, ఆయన బల్ల మీదుండాలె. రోజూ ప్రార్థన కాంగనే మల్లిక అడగాలె, ఆయన తెరిచి చూపెట్టాలె అన్న. సారు ఒప్పుకున్నంకనే తల్లులు లేచిండ్రు.

అమ్మా, ఈసారి పల్లీలు పంపకు. ఎండకాలం మనింట్ల పల్లీలు తిని పిల్ల మూతి వాస్తే వేడి చేసిందని సబ్జా నీళ్లు తాపినం. మనం గూడ తప్పు చేసినం. కని అబద్ధం రాయలే.

సోమారం మల్లిక అడిగింది: "సార్, సూది ఉన్నదా?" బడంత చూస్తుండంగ చూపెట్టిండు. మంగళారం, రోజూ ఎందుకమ్మా అన్నడట. మా మామ అడగమన్నడు అన్నదట. అక్క ఇగ సాలు తీయ్‌రా అంటది. నాకు సాలది. ఆ బడి ఇడిసేదాక మల్లిక అడుగుతనే ఉంటది.

పెద్దమ్మకు, నాయనకు నా దండాలు చెప్పు. మా పాణాలు మంచిగుండాలని దీవించు. నా కోపం తగ్గాలని మాత్రం దీవించకు.

నీ కొడుకు,
యాదగిరి